పదిహేడో పేరు

మా ఆఫీసులో ఆమెను అందరూ ఫుల్‌స్టాపమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి, అంత గుండె ఎవరికుంది! ఒక మాట అనేసిందంటే దాని మీద ఇంకో మాట ఉండదు, అందుకని ఆ పేరు. ఇరవై ఆరేళ్ళ పాటు ఒకే కిటికీ పక్కన, ఒకే టైపు మిషను ముందు కూర్చుంది. మిషను మీద అక్షరాలు అరిగిపోయి ఉత్త నల్ల మీటలు మిగిలాయి గానీ, ఆమె వేళ్ళకు అక్షరాలతో పనేముంది. నాది ఆమె ఎదురు బల్ల. నన్ను అన్నయ్యా అనేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. అన్నేళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే అదే పుట్టుకొస్తుంది.

నా పని సరిచూడటం. మా ఆఫీసరును పెద్దసారు అనేవాళ్ళం. ఆయన చేత్తో చిత్తు రాసి పంపుతారు. ఆమె కార్బను పెట్టి నాలుగు ప్రతులు కొడుతుంది. తర్వాత నేను చిత్తు పట్టుకుని పైకి చదవాలి, ఆమె టైపు కాగితం మీద స్కేలు పెట్టి ఒక్కో వరుసా దించుకుంటూ వినాలి. చివర్లో 'సరిపోయింది' అంటుంది. కింద మూలన ఇద్దరం పొట్టి సంతకాలు పెడతాం. ఆ రెండూ కనిపిస్తే చాలు, పెద్దసారు పైనున్నది చదవకుండా తన సంతకం గీకేసేవారు. ఆ నమ్మకమే కొంప ముంచిందని తర్వాత ఆయనే అన్నారు.

పేర్ల విషయంలో మాత్రం వేరే పద్ధతి. పేర్లను చిత్తు చూసి చదవకూడదు, జనం ఇచ్చిన అసలు కాగితం చూసే చదవాలి. ఒకప్పుడు చిత్తులో ఒకరి పేరుకు బదులు ఇంకొకరి పేరు పడి, ఏ పాపమూ ఎరగని దర్జీ దుకాణానికి తాళం వేశారు. మూడు నెలలు మా వరండా చుట్టూ తిరిగాడు పాపం. అప్పుడు ఈ నియమం పట్టుబట్టి పెట్టించింది ఆమే. టైపు చేసి నా తల వెనక గోడకు అంటించింది కూడా. తలెత్తితే ఆమెకు అదే కనిపించేది.

ఆమె క్రైస్తవురాలు. అందులో దాచిందీ లేదు, చాటిందీ లేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసే ముందు కళ్ళు మూసుకుని పెదవులు కదిపేది.

"ఏంటి చెల్లెమ్మా, కూర ఎలా ఏడ్చిందోనని భయమా?" అని నేను ఏడిపించేవాణ్ణి.

"వండింది మీ బావ. భయం ఉండదా మరి!" అనేది.

ఆ బావ, అంటే ఆమె భర్త, బస్సుల షెడ్డులో మెకానిక్కుగా చేసి నడుం పాడైపోయి ఇంట్లో కూర్చున్నాడు. వంట ఆయనదే. కూతురు నర్సు చదువులో ఉంది. రెండు గదుల సర్కారు క్వార్టరు, ఆమె జీతం, పద్నాలుగు నెలల్లో అందబోయే పింఛను. వాళ్ళ సంసారం మొత్తం ఇంతే. ఇక నా సంగతంటారా, దేవుడి జోలికి నేను పోను, నా జోలికి ఆయన రాడు. మా ఇద్దరికీ ఏ గొడవా లేదు.

ఆ ఏడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రార్థన కోసం ఆరుగురికి మించి ఎక్కడ కూడినా ముందుగా అనుమతి తీసుకోవాలని. ఆమె వెళ్ళే కూటం ఒక వడ్రంగి ఇంటి మేడ మీద జరిగేది. కింద రంపం పని, పైన ప్రార్థన. వడ్రంగే వాళ్ళకు పెద్ద. కొందరు గుట్టుచప్పుడు కాకుండా కానిచ్చేద్దాం అన్నారట. ఈవిడ ఒప్పుకుంటేనా!

"అడగమన్నారు, అడుగుదాం. చెప్పకుండా కూడటానికి మనమేమన్నా దొంగలమా?" అందట.

చూశారా, ఇరవై ఆరేళ్ళు కాగితాల మధ్య బతికిన మనిషి మాత్రమే చేయగల తప్పు అది. పద్ధతి ప్రకారం అర్జీ పెడితే పద్ధతి ప్రకారం జవాబు వస్తుందని నమ్మింది. అర్జీ కూడా చేత్తోనే రాసింది, ఆఫీసు మిషను మీద సొంత పని చేయడం తప్పట! మూడు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది. మొత్తం ఇరవై మూడు. పెద్దవాళ్ళందరూ అయ్యాక పదిహేడో చోట తనది పెట్టి, అర్జీని మా ఆఫీసులోనే ఇచ్చింది.

పైనుంచి జవాబు రానే వచ్చింది. అనుమతి లేదు. పైగా, అర్జీలో సంతకాలు పెట్టినవాళ్ళ జాబితా మా ఆఫీసే తయారుచేసి పంపాలి. వాళ్ళందరినీ పిలిపిస్తారు. వాళ్ళలో సర్కారు ఉద్యోగి ఎవరైనా ఉంటే, సంతకం వెనక్కి తీసుకుని, ఇకమీదట అలాంటి కూటాలకు పోనని రాసివ్వాలి. రాసివ్వకపోతే ఉద్యోగం ఊడుతుంది, పింఛనుతో సహా. ఆ ఇరవై ముగ్గురిలో సర్కారు ఉద్యోగి ఆమె ఒక్కతే.

పెద్దసారు చెడ్డవారేం కాదు. ఆ మాట చెప్పకపోతే నాకు పుట్టగతులుండవు. జాబితా చిత్తు తనే స్వయంగా రాశారు. పదహారో పేరు తర్వాత పద్దెనిమిదో మనిషిని పదిహేడుగా దింపేశారు. మొత్తం ఇరవై రెండు. పాము చావదు, కర్ర విరగదు. ఆ చిత్తును ఆమె బల్ల మీద పెట్టి, ఎటో చూస్తూ, "నేను చూడలేదు, నువ్వూ చూడకు" అని వెళ్ళిపోయారు.

ఆమె కొట్టడం మొదలుపెట్టింది. మిషను చప్పుడు ఎక్కడా ఆగలేదు, నేను విన్నాను. కాసేపటికి నాలుగు ప్రతులు తీసి, కార్బన్లు విడదీసి, స్కేలు అందుకుంది.

"రండి అన్నయ్యా, సరిచూద్దాం."

పేర్లు కదా, అర్జీ చేత పట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, చదువుకుంటూ పోయాను. పదహారు దాటి పదిహేడు దగ్గర నా నోరు ఆగిపోయింది. చిత్తు తీసి చూశాను. అందులో లేదు. వంగి ఆమె టైపు కాగితం చూశాను. అందులో ఉంది. పేరు, తండ్రి పేరు, పక్కన వృత్తి అన్నచోట 'ప్రభుత్వోద్యోగి, టైపిస్టు' అని శుభ్రంగా ఉంది.

"చెల్లెమ్మా, చిత్తులో లేదు కదా ఇది."

"అర్జీలో ఉందా లేదా?"

"ఉంది. ఉంటే మాత్రం? ఆయన కావాలనే వదిలేశాడే తల్లీ! కొరివితో తల గోక్కుంటానంటావేంటి?"

ఆమె స్కేలు కదపలేదు. "సంతకం పెట్టమని వాళ్ళ గుమ్మాలెక్కింది నేను, అన్నయ్యా. ఆ ముసలాయన కళ్ళు కనపడవంటే వేలు పట్టుకుని పెట్టించాను. వాళ్ళందరి పేర్లూ నా చేత్తోనే కొట్టి పంపి, నాది దాచుకుని, ఆదివారం మళ్ళీ వాళ్ళ పక్కనే మోకాళ్ళ మీద కూర్చోనా? ఆ కూటంలో నేను లేనని చెప్పడమేగా అది. చదవండి."

తిట్టాలనిపించింది. తిట్టాను కూడా, లోపల్లోపల. ఆ తర్వాత చదివాను. 'సరిపోయింది' అంది. పొట్టి సంతకాలు పెట్టాం. ఈ జాబితానన్నా పెద్దసారు చదివి చూసి ఆపుతారులే అని నా ధీమా. ఆయనేమో ఎప్పట్లాగే మా సంతకాలు చూసి తన సంతకం పెట్టేశారు. జాబితా ఆ మధ్యాహ్నమే పై ఆఫీసుకు పోయింది.

పది రోజులకు తిరుగు టపాలో కాగితం వచ్చింది. జాబితాలో పదిహేడో మనిషి మీ ఉద్యోగి కదా, ఏం చర్య తీసుకున్నారు? అని. పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. కుర్చీలో జారగిలబడి, "కొంప ముంచారు కదయ్యా ఇద్దరూ" అన్నారు. తర్వాత దారి కూడా ఆయనే చెప్పారు. పదిహేడో పేరు టైపులో పొరపాటున పడిందని నేను రాసివ్వాలి, ఆమె రాసివ్వాలి. అంతే. అర్జీ ఆయన సొరుగులో ఉంది, దాని సంగతి ఆయన చూసుకుంటారు.

"ఆమె ఒప్పుకోదు సార్."

"నువ్వు ముందు రాసివ్వు. నీది చూస్తే మెత్తబడుతుంది."

నేను వెంటనే రాయలేదు. అది మాత్రం నిజం. ఆ సాయంత్రం ఆమె భర్త మా ఇంటికి వచ్చాడు. నడుం నొప్పితో మూడు చోట్ల ఆగి ఆగి వచ్చాడట. మంచినీళ్ళిస్తే తాగకుండా గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"బావా, దానికి నువ్వన్నా చెప్పు. నా మాట వినదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటుంది."

"మీరేమన్నారు?"

"నీ దేవుడికి నీ పింఛనుతో ఏం పనే అన్నాను. ఆయనకు పనిలేదు, నాకే ఆయనతో పని అంది. ఇంకేం చెప్పను దానికి! పిల్లకు ఇంకో ఏడాది చదువుంది బావా. క్వార్టరు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలి మేము? ఈ నడుంతో నన్నెవరు పనిలో పెట్టుకుంటారు?"

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే పెద్దసారు గదిలో కూర్చుని రాసిచ్చాను. ఆమె మంచికోసమే రాశాను. నా పొట్టి సంతకం కూడా ఆ జాబితా మీద ఉంది కదా, నా ఉద్యోగం సంగతి కూడా మనసులో ఉందా అంటే, ఉంది. ఎంత ఉందో తూకం వేసి చెప్పలేను. 'పదిహేడవ పేరు మూలంలో లేదు. టైపులో పొరపాటున చేరినది. సరిచూచునప్పుడు నేను గమనించలేదు.' ఇంతే, మూడు వాక్యాలు.

ఇక్కడే మేమిద్దరం ఒక సంగతి మరిచిపోయాం, పెద్దసారూ నేనూ. పైకి పోయే కాగితం ఏదైనా నాలుగు ప్రతులు టైపులో పోవాలి. ఆఫీసులో టైపిస్టు ఒక్కతే.

బంట్రోతు ఎప్పట్లా కాగితాలన్నీ తెచ్చి ఆమె ట్రేలో పడేశాడు. నేను నా బల్ల దగ్గర ఫైలులో తల దూర్చాను. నా చేతిరాత ఆమెకు తెలియనిదా! మిషను చప్పుడు మొదలైంది. ఈసారి కూడా ఎక్కడా ఆగలేదు. మూడు వాక్యాలకు ఎంతసేపు పడుతుంది? కార్బన్లు విడదీసిన చప్పుడు. సొరుగులోంచి స్కేలు తీసిన చప్పుడు.

"రండి అన్నయ్యా, సరిచూద్దాం."

వెళ్ళి కూర్చున్నాను. నా చిత్తు నా చేతికిచ్చింది. ముఖంలో ఏమీ లేదు. కోపం ఉంటే బాగుండును, రెండు మాటలు పడేవాణ్ణి. స్కేలు మొదటి వరుస కింద పెట్టి ఎదురుచూస్తోంది. మొదలుపెట్టాను.

"పదిహేడవ పేరు…"

"కొంచెం గట్టిగా, అన్నయ్యా. వినపడటం లేదు."

వెటకారం కాదు. నిజంగానే వినపడలేదు, నా గొంతు నాకే వినపడలేదు. గట్టిగా చదివాను. పదిహేడవ పేరు మూలంలో లేదు. స్కేలు కిందికి జరిగింది. టైపులో పొరపాటున చేరినది. మళ్ళీ జరిగింది. మధ్యలో ఆపుతుందేమోనని చూశాను. గోడ మీద నియమం ఉంది కదా, 'అసలు కాగితం చూసి చదవండి' అనవచ్చు కదా అనుకున్నాను. అనలేదు. నా కాగితానికి అసలు కాగితం నా చిత్తే. చివరి వాక్యం కూడా అయిపోయింది.

"సరిపోయింది" అంది. తన పొట్టి సంతకం పెట్టి, కలం నా వైపు తిప్పి ఇచ్చింది. నేనూ పెట్టాను.

అప్పుడు పెద్దసారు బెల్లు మోగింది. ఈసారి ఆమెకు. తలుపు సగం తెరిచే ఉంది, నాకు అంతా వినపడుతూనే ఉంది. ఆయన బతిమాలారు. ఒక ఆఫీసరు టైపిస్టును అలా బతిమాలడం నేను ఎరగను.

"పొరపాటు అని ఒక్క ముక్క రాయమ్మా. దేవుణ్ణి వదిలెయ్యమన్నానా? మనసులో పెట్టుకో, ఎవరు కాదన్నారు! కాగితం మీద ఎందుకు?"

"మనసులో ఉన్నది కాగితం మీద లేదని ఎలా రాస్తాను సార్?"

"పద్నాలుగు నెలలమ్మా!"

"తెలుసు సార్. రోజులతో సహా తెలుసు." అక్కడ మాత్రం ఆమె గొంతు వణికింది. తర్వాత మళ్ళీ మామూలు గొంతుతో, "కాగితం ఇవ్వండి" అంది.

చేత్తో రాసింది. 'పదిహేడవ పేరు నాదే. పొరపాటు లేదు.' పెద్దసారు నియమం పక్కన పెట్టారు; అది టైపు కాలేదు, ఎవరూ సరిచూడలేదు. చేతిరాత కాగితమే పైకి పోయింది. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది, క్వార్టరు పోయింది, పింఛను పోయింది. మిగతా ఇరవై ఇద్దరిలో ఎనిమిది మంది సంతకాలు వెనక్కి తీసుకున్నారని విన్నాను. వాళ్ళను ఆమె ఒక్క మాట అనలేదట. మిగిలినవాళ్ళు ఆ తర్వాత నాలుగు ఇళ్ళలో విడివిడిగా, ఒక్కో చోట నలుగురికి మించకుండా కూడటం మొదలుపెట్టారు. ఆరుగురి దాకా అనుమతి అక్కర్లేదని ఉత్తర్వులోనే ఉంది కదా! ఎవరి బుర్రలోంచి వచ్చిన లెక్కో వేరే చెప్పాలా.

నా మీద ఏ చర్యా లేదు. 'గమనించలేదు' అన్నందుకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేశారు. కొత్త టైపిస్టు వచ్చాడు. స్కేలు వాడేవాడు కాదు. ఏడాదిన్నరకు నేను పింఛను పుచ్చుకుని బయటికి వచ్చాను. దండ వేసి, నిజాయితీకి మారుపేరని నలుగురూ నాలుగు మాటలన్నారు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట అన్నప్పుడల్లా నేను తల దించుకున్నాను. అది వినయం అనుకున్నారు వాళ్ళు.

ఆమె ఇప్పుడు వడ్రంగి కొట్టు ముందు మెట్ల కింద ఒక పాత మిషను పెట్టుకుని జనానికి అర్జీలు కొట్టి పెడుతోంది. బల్ల వడ్రంగి చేసిచ్చాడు. కూతురు చదువు మధ్యలో ఒక ఏడు ఆగి, ఆస్పత్రిలో ఊడ్చే పని చేసి, మళ్ళీ చదువుకుని ఇప్పుడు నర్సయింది. మధ్యాహ్నం డబ్బా ఇప్పటికీ బావే తెస్తాడు.

రెండేళ్ళు ఆ వీధి తప్పించి తిరిగాను. పోయిన వారం వెళ్ళాను. నన్ను చూసి, "రండి అన్నయ్యా" అని పక్కన స్టూలు తుడిచింది, నిన్న కలిసినట్టే. నేను కూర్చోకుండానే అడిగేశాను.

"ఆ రోజు నా కాగితం కొడుతున్నప్పుడు నీకు కోపం రాలేదా చెల్లెమ్మా?"

"వచ్చింది" అంది. "ఏడుపు కూడా వచ్చింది. మీరు రాశారని కాదు. మా ఆయన వచ్చి మిమ్మల్ని అడిగాడని నాకు అప్పటికే తెలుసు. నాకోసం మీ చేత అబద్ధం రాయించానే అని." మిషను ముందుకు జరుపుకుని, "ఏదైనా కొట్టాలా?" అంది.

జేబులోంచి చిత్తు తీసి ఇచ్చాను. వారం రోజులు కూర్చుని రాశాను దాన్ని. ఆమె చదివి తలెత్తింది.

"ఉద్యోగంలో తప్పు రాసిచ్చినట్టు మీరే ఒప్పుకుంటే పింఛను ఆపుతారు. రూలుంది."

"ఆ రూలు నువ్వు కొట్టిందే. నేను సరిచూసిందే."

"నా ఉద్యోగం తిరిగి రాదు, అన్నయ్యా, దీనివల్ల."

"తెలుసు."

ఆమె నాలుగు కాగితాలు, మూడు కార్బన్లు సర్ది కొట్టింది. అయ్యాక సొరుగులోంచి స్కేలు తీసింది. అదే స్కేలు. చివర చిన్న ముక్క విరిగి ఉంటుంది, గుర్తుపట్టాను. లోపల రంపం కోస్తున్న చప్పుడు. ఈసారి గట్టిగా చదవమని ఆమె అనాల్సిన పని పడలేదు. "పదిహేడవ పేరు మూలంలో ఉన్నది. నేను చూచితిని. చదివితిని. లేదని నేను వ్రాసి యిచ్చినది అబద్ధము" అని నేను చదువుతుంటే, లోపల వడ్రంగి రంపం ఆపాడు.

"సరిపోయింది" అంది ఆమె. కింద మూలన తన పొట్టి సంతకం పెట్టి, కలం నా వైపు తిప్పింది.

నేను పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు రాశాను.